ఎనిమిది మంది సవార్లు, ఒక పతకం

1859 జనవరి 15. బేరారు వైపున చిచంబా అనే ఊరి ముందు హైదరాబాద్ కంటింజెంటు రెండో రిసాలాకు (గుర్రపు దళానికి) చెందిన ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఎనిమిది మంది సవార్లను వెంటేసుకుని తిరుగుబాటుదారుల గుంపు మీదికి గుర్రాలను ఉరికించాడు. మూడు రోజుల తర్వాత, జనవరి 18న, 1857 తిరుగుబాటులో యావజ్జీవ శిక్ష పడిన తుర్రెబాజ్ ఖాన్ కాపలావాళ్ళను లోబరుచుకుని హైదరాబాద్ ఖైదు నుంచి తప్పించుకున్నాడు. 24న తూప్రాన్ దగ్గర అడవిలో అతన్ని పట్టుకుని చంపారు.

అంతా పది రోజుల్లో జరిగిపోయింది. కెప్టెన్‌కు విక్టోరియా క్రాస్ వచ్చింది. తుర్రెబాజ్ ఖాన్ శవాన్ని నగరానికి తెచ్చి, నలుగురూ చూసి జడుసుకునేలా వేలాడదీశారు. ఒకరికి పతకం, ఇంకొకరికి ఉరిగొలుసు. ఇద్దరి కథలూ నడిచింది మాత్రం ఒకే సైన్యం చుట్టూ, ఒకే ఖజానా సొమ్ముతో. ఆ సైన్యం ఎలా పుట్టిందో తెలియాలంటే ఇప్పుడు నాంపల్లి, ఆబిడ్స్, కోఠి అని పిలుస్తున్న వీధుల్లోంచే రావాలి.

నాంపల్లి స్టేషన్‌లో దిగి తూర్పుగా నడిస్తే ఆబిడ్స్, ఆపైన గన్‌ఫౌండ్రీ, పక్కనే ఫతే మైదాన్, కాస్త దక్షిణానికి తిరిగితే కోఠి. గంటలో తిరిగి రావచ్చు. నగరానికి ఇప్పుడు ఇది చీరల దుకాణాలు, హోటళ్ళు, ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. కానీ ఈ నేలకు ముందు నుంచీ సిపాయిల వాసన ఉంది. 1687లో గోల్కొండను ముట్టడించడానికి వచ్చిన ఔరంగజేబు సైన్యంలోని ఇద్దరు సిపాయిలే నాంపల్లి దర్గాలో నిద్రిస్తున్న యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా. గాలివానకు పాదుషా శిబిరంలో డేరాలన్నీ కూలిపోతే వీళ్ళ డేరాలో మాత్రం దీపం ఆరలేదని కథ. ఆ ముట్టడిలో మెడలు తెగ్గోసినవాళ్ళెవరి పేరూ నాంపల్లికి గుర్తు లేదు. దీపం వెలిగించుకుని ఖురాన్ చదువుకున్న ఇద్దరి పేర్లు మూడు శతాబ్దాలు దాటినా నిలిచాయి. కవులు అమీర్ మీనాయీ, దాగ్ దెహల్వీ కూడా చివరికి ఆ దర్గా ఆవరణలోకే వచ్చి చేరారు. ఫతే మైదాన్‌కు ఆ పేరు వచ్చిందీ ఆ ముట్టడి గెలుపు వల్లేనంటారు.

గన్‌ఫౌండ్రీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచివాడు రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. రేమండ్ కింద పద్నాలుగు వేల మందికి పైగా సిపాయిలు ఉండేవాళ్ళు. ఆ బలగాన్ని చూస్తే ఇంగ్లీషువాళ్ళకు నిద్ర పట్టేది కాదు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ నిజాంతో సైన్య సహకార ఒడంబడిక రాయించుకుంది. అక్టోబరులో కంపెనీ అధికారులు కిర్క్‌పాట్రిక్, మాల్కం కలిసి ఫ్రెంచి పటాలాలను చుట్టుముట్టి యుద్ధం లేకుండానే ఆయుధాలు దించేయించారు. జీతాలు అందక సిపాయిలు సొంత అధికారుల మీదే తిరగబడి ఉన్నారు కాబట్టి ఆ పని సులువైంది. ఈ కథలో జీతం బకాయి తెచ్చిన మొదటి మలుపు ఇదే. ఇంకా ఉన్నాయి.

రేమండ్ సైన్యం పోయింది. ఆ ఖాళీని ఇంగ్లీషు అధికారుల చేతి కింద నడిచే కొత్త సైన్యంతో నింపాలని నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ హెన్రీ రస్సెల్‌కు ఆలోచన వచ్చింది. 1811లో రెసిడెంట్‌గా వచ్చిన రస్సెల్ రెండేళ్ళలోనే పటాలాలు నిలబెట్టాడు. వాటి పేరు కూడా రస్సెల్ బ్రిగేడే. తర్వాత నిజాం సైన్యమని, ఇంకా తర్వాత హైదరాబాద్ కంటింజెంటు అని పేర్లు మారాయి. కంపెనీతో ఒడంబడిక ప్రకారం నిజాం అప్పటికే ఒక సహాయక సైన్యాన్ని భరిస్తున్నాడు. ఇది దాని మీద అదనం. నిజాం అడిగింది కాదు, ఒప్పందంలో ఉన్నదీ కాదు. ఖర్చు మాత్రం ఏటా నలభై లక్షల రూపాయల దాకా ఉండేది. మద్రాసు సైన్యంలో మామూలు జీతానికి పడి ఉన్న కుర్ర అధికారులు సిఫారసులు పట్టుకుని హైదరాబాద్ వైపు చూసేవాళ్ళు. ఇక్కడ భత్యాలు ఎక్కువ, పదోన్నతి త్వరగా వస్తుంది. పాపం నిజాం, అన్నిటికీ ఆయనే కడతాడు అని ఇంగ్లీషు దొరల్లో ఒక హాస్యం కూడా చెలామణీలో ఉండేది.

ఆ జీతాలకు డబ్బు ఎక్కడిది? దివాన్ చందూలాల్ అప్పులు తెచ్చాడు. ఆ అప్పులిచ్చింది రెసిడెన్సీ నీడలోనే వ్యాపారం చేసిన విలియం పామర్ కంపెనీ. వడ్డీ నూటికి ఇరవై అయిదు దాకా వెళ్ళింది. కొత్త రెసిడెంట్ మెట్కాఫ్ ఆ వ్యవహారాన్ని బయటికి లాగాక 1824లో పామర్ కంపెనీ కుప్పకూలింది. సాహుకార్లు మారారు గానీ బాకీ మారలేదు. కంటింజెంటు జీతాలు తానే ముందుగా చెల్లించి, ఆ మొత్తాన్ని నిజాం పేర అప్పుగా రాసుకుంటూ వచ్చిన కంపెనీ 1853లో లెక్క తేల్చమంది. ఆ ఏడాది మే 21న కుదిరిన ఒప్పందంతో బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాల ఆదాయం కంటింజెంటు ఖర్చుకింద ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. అయిదు వేలకు తగ్గకుండా కాల్బలం, రెండు వేలకు తగ్గకుండా గుర్రపు దళం, నాలుగు ఫిరంగి దళాలు ఉండాలని అందులో రాసుకున్నారు. సంతకాలు ఆరకముందే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. అతని స్థానంలో వచ్చిన ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడే మొదటి సాలార్ జంగ్.

ఈ లెక్కల పురాణం ఎందుకంటే, చిచంబాలో ఉరికిన గుర్రాల మేత ఈ పద్దులోదే.

గుర్రాల సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. కంటింజెంటు రిసాలాలు సిలహ్దారీ పద్ధతిలో నడిచేవి. సర్కారు నెలకింత అని జీతం ఇస్తుంది. గుర్రం, జీను, కత్తి, బట్టలు, మేత అన్నీ సవారువే. డబ్బున్నవాడు నాలుగయిదు గుర్రాలు పెట్టి, వాటి మీద జీతానికి బార్గీర్లను ఎక్కించేవాడు. రిసాలాలో స్థానం అంటే ఒక రకంగా ఆస్తి. కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, కొడుక్కి దక్కేలా చూసుకోవచ్చు. అందుకే ఈ సవార్లు తమను కూలీకి వచ్చినవాళ్ళుగా అనుకోలేదు. పరువు దగ్గర పట్టింపు ఎక్కువ. 1827లో మోమినాబాద్‌లో గడ్డాల మీద ఆంక్ష పెట్టినందుకు ఒక రిసాలా సవార్లు కర్నల్ ఎవాన్ డేవీస్‌ను చంపేశారు. 1855 మొహర్రంలో బొల్లారం దగ్గర ఊరేగింపు మీద ఆంక్షలు పెట్టిన బ్రిగేడియర్ కాలిన్ మెకెంజీని మూడో రిసాలా సవార్లు కత్తులతో నరికి కొన ఊపిరితో వదిలారు. బొల్లారంలో రిసాలా బజార్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పేరు వెనక ఉన్న సవార్లు ఇలాంటివాళ్ళు.

ఇలాంటి సైన్యం 1857లో రెండుగా చీలింది.

జూన్‌లో ఔరంగాబాద్‌లో ఉన్న మొదటి రిసాలా ఉత్తరాదికి, ఢిల్లీ పాదుషా మీదికి, నడవబోమని మొరాయించింది. పుణె నుంచి జనరల్ వుడ్‌బర్న్ దళం వచ్చి పడింది. దొరికినవాళ్ళలో కొందరిని కాల్చి చంపారు, కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. కంటింజెంటులోనే జమేదారుగా ఉన్న చీదా ఖాన్ ఇంకో పదిహేను మందితో తప్పించుకుని, నిజాం కాపాడతాడన్న ఆశతో హైదరాబాద్ చేరాడు. అతని తలకు మూడు వేల రూపాయల వెల కట్టి ఉంది. సాలార్ జంగ్ అతన్ని పట్టించి కోఠి రెసిడెన్సీలో అప్పగించాడు. నగరం ఉడికిపోయింది. మక్కా మసీదులో ప్రసంగాలు మొదలయ్యాయి.

జూలై 17 సాయంత్రం మౌల్వీ అలావుద్దీన్, బేగంబజార్‌కు చెందిన జమేదారు తుర్రెబాజ్ ఖాన్ సుమారు అయిదు వందల మంది రోహిలాలతో రెసిడెన్సీ మీదికి వచ్చారు. పుత్లీబౌలి వైపు రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్ళను పట్టుకుని, మేడల మీది నుంచి రాత్రంతా కాల్పులు జరిపారు. ముందే సాలార్ జంగ్ నుంచి కబురు అందిన రెసిడెంట్ డేవిడ్‌సన్ సిద్ధంగానే ఉన్నాడు. మద్రాసు ఫిరంగి దళం జవాబిచ్చింది. తెల్లవారేసరికి రోహిలాలు చెదిరిపోయారు. అప్పటికి ఆబిడ్స్ అన్న పేరే లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు చేసిన ఆర్మీనియన్ ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం తెరవడానికి ఇంకా చాలా ఏళ్ళుంది. కానీ ఆ రాత్రి ఫిరంగుల మోత నాంపల్లి తోటల దాకా వినిపించకుండా ఉండదు. దాడి తర్వాత రెసిడెన్సీ చుట్టూ బురుజులు లేచాయి.

అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు, అక్కడే పోయాడు. తుర్రెబాజ్ ఖాన్‌కు కూడా ద్వీపాంతర శిక్షే పడింది. అయితే అతను ఓడ ఎక్కలేదు. 1859 జనవరిలో పారిపోయాడు. పట్టిస్తే అయిదు వేలు అని దండోరా వేయించారు. తూప్రాన్ దగ్గర అతన్ని మట్టుబెట్టినవాడు ఇంగ్లీషు అధికారి కాదు, నిజాం తాలూకాదారు మీర్జా కుర్బాన్ అలీ బేగ్.

ఈ రోహిలాలెవరు? అఫ్గాన్ మూలాల నుంచి ఉత్తరాదికి, అక్కడి నుంచి దక్కన్‌కు వచ్చిన కిరాయి సిపాయిలు. సంస్థానంలో అరబ్బుల్లాగే వీళ్ళకూ ఒక వృత్తి ఉండేది. జాగీర్దార్ల కోటలకు కాపలా, సాహుకార్ల తరఫున మొండి బాకీల వసూలు, అవసరమైతే దోపిడీ. వసూళ్ళనూ కిరాయి బలగాలనూ సాలార్ జంగ్ అదుపులోకి తెచ్చే కొద్దీ వాళ్ళ కొలువులు కరిగిపోయాయి. తిండి పోయిన సిపాయి, ఆయుధం మాత్రం పోనివాడు, ఊళ్ళ మీద పడటం ఏ కాలంలోనైనా జరిగేదే. దానికి 1857 రగిలించిన కోపం తోడైంది. 1858 అక్టోబరు చివర తాంతియా తోపే నర్మద దాటి దక్కన్ వైపు వచ్చేసరికి హైదరాబాద్‌లో రెసిడెంట్‌కూ దివాన్‌కూ కంటి మీద కునుకు లేదు. తాంతియా దక్షిణానికి రాలేక ఉత్తరానికి మళ్ళాడు. రోహిలా గుంపులు మాత్రం బేరారు, మరాఠ్వాడా సరిహద్దుల్లో ఊళ్ళను దోచుకుంటూనే ఉన్నాయి. చిచంబా ముందు కెప్టెన్ ఎదుర్కొన్నది ఇలాంటి సమయంలో చెలరేగిన గుంపునే.

ఆ కెప్టెన్ పేరు హెర్బర్ట్ మాక్‌వర్త్ క్లాగ్‌స్టన్. పుట్టింది 1820లో, ఇంగ్లండులో కాదు, వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌లో. మద్రాసు పందొమ్మిదో పటాలం అధికారి, కంటింజెంటుకు వచ్చి రెండో రిసాలాలో కుదురుకున్నాడు. కంటింజెంటు దళాలు 1858లో సర్ హ్యూ రోజ్ వెంట మధ్య భారతంలో ఝాన్సీ, కూంచ్, కాల్పీ, గ్వాలియర్ దాకా వెళ్ళి పోరాడి వచ్చాయి. మొదటి రిసాలా మొరాయించిన యుద్ధంలోనే మిగతావి ఇంగ్లీషువాళ్ళ పక్షాన కత్తి దూశాయి. చిచంబా దగ్గర జరిగిన పోరు మాత్రం పెద్ద యుద్ధమేమీ కాదు. క్లాగ్‌స్టన్ తన రిసాలాలో ఎనిమిది మందిని మాత్రమే తీసుకుని తిరుగుబాటుదారుల మీదికి దూకాడు. వాళ్ళు వెనక్కి తగ్గి ఊళ్ళోకి పోయారు. చివరికి దోచుకున్న సొత్తును వదిలేసి వెళ్ళారు. క్లాగ్‌స్టన్ తీవ్రంగా గాయపడ్డాడు. వెంట వెళ్ళిన ఎనిమిది మందిలో ఏడుగురిని కోల్పోయాడు.

విక్టోరియా క్రాస్ ప్రకటనలో ఉన్నది ఇంతే. మూడు వాక్యాలకు మించదు.

ఒక్కసారి ఆ లెక్క మీద చూపు నిలిపితే తిన్నగా కూర్చోలేం. తొమ్మిది గుర్రాలు ఒకే వరసలో, ఒకే వేగంతో, ఒకే తుపాకుల ముందుకు వెళ్ళాయి. అందులో ఒక రౌతుకు పేరు ఉంది. మిగతా ఎనిమిది మంది అంకె. కెప్టెన్ ధైర్యం ఎంతటిదో చెప్పడానికే ఆ అంకె పనికొచ్చింది. ఎంత తక్కువ మందితో వెళ్ళాడో, ఎంత మందిని పోగొట్టుకుని నిలబడ్డాడో చూడండని. క్లాగ్‌స్టన్‌ను తక్కువ చేయనక్కర్లేదు, అతను నిజంగానే ముందు వరసలో ఉన్నాడు, ఒళ్ళు చిల్లులు పడేదాకా ఆగలేదు. కానీ దొర వెనక రాకపోతే కోర్టు మార్షల్ దాకా పోయే ఉద్యోగం సవారుది. గుర్రం చస్తే నష్టం కూడా ఆ కుటుంబానిదే. ఏడు ఇళ్ళలో ఏడుగురు మగవాళ్ళతో బాటు ఏడు గుర్రాల ఖరీదు ఎంత మునిగిందో ప్రకటన రాసిన గుమాస్తాకు అక్కర్లేదు.

ఆ పతకం నియమాలు కూడా అలాగే ఉన్నాయి. 1856 జనవరిలో విక్టోరియా రాణి ప్రవేశపెట్టిన ఈ క్రాస్‌కు హోదా తేడా లేదని గొప్పగా చెప్పుకున్నారు. కంచుతో చేసిన చిన్న వస్తువు. శత్రువు ఫిరంగుల లోహం కరిగించి పోస్తారని పేరు. గన్‌ఫౌండ్రీ ఉన్న ఊరికి ఫిరంగి కరిగితే ఏమవుతుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. జనరల్‌కూ ఇంగ్లీషు సోల్జర్‌కూ ఒకే పతకం, నిజమే. హిందుస్తానీ సిపాయికి మాత్రం ఆ తలుపు మూసే ఉంది. 1857–59 పోరాటాలకు ఇచ్చిన విక్టోరియా క్రాస్‌లు నూట ఎనభైకి పైనే. 1857 నవంబరు 16న లక్నోలో ఒక్క రోజుకే ఇరవై నాలుగు. అందులో ఒక్కటీ భారతీయుడికి రాలేదు. సైన్యంలో లేని ఇంగ్లీషువాళ్ళకు ఇవ్వడానికి నియమం అడ్డం వస్తే 1858 డిసెంబరులో ఆ నియమాన్ని మార్చి, మేజిస్ట్రేటు రాస్ మాంగిల్స్ లాంటివాళ్ళకు, లక్నోలో గుమాస్తాగా ఉన్న కావనాకు కూడా ఇచ్చారు. కలం పట్టినవాడికి దొరికింది, కత్తి పట్టిన సవారుకు దొరకలేదు.

సిపాయిలకు వేరే పతకం ఉండేది. 1837లో కంపెనీ మొదలుపెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్. మూడు మెట్లు. మొదట మూడో తరగతి, మళ్ళీ సాహసం చూపితే రెండో తరగతి, ఇంకోసారి చూపితే మొదటి తరగతి. మూడో తరగతికి జీతంలో మూడో వంతు అదనం, రెండో తరగతికి మూడింట రెండు వంతులు, మొదటి తరగతికి రెట్టింపు జీతం. పైతరగతి కావాలంటే మూడుసార్లు చావుకు ఎదురు వెళ్ళి మూడుసార్లూ బతికి రావాలన్నమాట. డబ్బు మాటకొస్తే మాత్రం ఇది విక్టోరియా క్రాస్ కన్నా మెరుగు, దొరల సోల్జర్లకు దానితో వచ్చేది ఏడాదికి పది పౌన్లే. విక్టోరియా క్రాస్ తలుపు భారతీయులకు తెరిచింది 1911లో, అయిదో జార్జి దర్బారు సందర్భంగా. మొదట అందుకున్నవాడు 1914 అక్టోబరు 31న బెల్జియంలో మెషిన్‌గన్ వదలకుండా పోరాడిన ఖుదాదాద్ ఖాన్. చిచంబాకూ ఆ రోజుకూ మధ్య యాభై అయిదేళ్ళు.

చిచంబా తర్వాత హైదరాబాద్ చల్లబడిందా అంటే అదీ లేదు. తుర్రెబాజ్ ఖాన్ శవం వేలాడిన రెండు నెలలకే, మార్చి 15న, నిజాం దర్బారు ముగించుకుని డేవిడ్‌సన్, సాలార్ జంగ్ పక్కపక్కన నడిచి వస్తుంటే జహంగీర్ ఖాన్ అనేవాడు తుపాకీ పేల్చాడు. గురి తప్పి వెంట ఉన్న మనిషికి తగిలింది. కత్తి దూసి మీదికి వచ్చిన అతన్ని అక్కడికక్కడే నరికేశారు. మరుసటి ఏడాది ఇంగ్లీషు ప్రభుత్వం నిజాంకు కృతజ్ఞత చూపింది. యాభై లక్షల అప్పు రద్దు చేసింది, రాయచూరునూ ధారాశివ్‌నూ తిరిగి ఇచ్చింది, సురపురం సంస్థానాన్ని కూడా కలిపింది. బేరారు మాత్రం ఇవ్వలేదు. కంటింజెంటు జీతాలు ఉన్నాయి కదా.

క్లాగ్‌స్టన్‌కు ఆ పతకం పెట్టుకుని తిరిగే కాలం ఎక్కువ దక్కలేదు. 1862 మే 6న కంటింజెంటు రిసాలా ఉండే హింగోలిలోనే జరిగిన పోరులో చనిపోయాడు. అప్పటికి నలభై రెండు నిండలేదు. అతని మామగారు ఎవరో కాదు, బొల్లారంలో సవార్ల కత్తులకు గురైన కాలిన్ మెకెంజీయే. ఒక ఇంట్లో మామను సవార్లు నరికారు, అల్లుడి వెంట సవార్లు చావుకు ఎదురు వెళ్ళారు. ఇద్దరూ ఒకే కంటింజెంటు దొరలు. అనాథలైన పిల్లల్లో బ్లాంచ్ అనే అమ్మాయిని ఇంగ్లండులో బంధువుల ద్వారా చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ చేరదీసి పెంచాడు. ఆ బ్లాంచ్ కొడుకు లార్డ్ సోమర్స్ 1926లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి గవర్నరుగా వెళ్ళాడు. ఒక కుటుంబం మూడు తరాల్లో ట్రినిడాడ్, హింగోలి, మెల్‌బోర్న్ చుట్టి వచ్చింది. సామ్రాజ్యం ఎవరికి ఎంత విశాలంగా ఉండేదో ఇది చెబుతుంది. ఎనిమిది మంది సవార్ల వంశాలను ఇలా వెతికి చెప్పే వీలు ప్రకటన ఇవ్వలేదు.

బేరారు కథకు ఇంకో పతకం ఉంది. 1902లో వైస్రాయి కర్జన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి, ఏడాదికి పాతిక లక్షలకు బేరారును శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. నిజాంకు జి.సి.బి. బిరుదు వచ్చింది. గేవ్ కర్జన్ బేరార్ అని దానికి నగరంలో కొందరు కొంటె అర్థం చెప్పుకున్నారు. నిజాం ఒక దేశమిచ్చి పతకం తీసుకున్నాడు.

ఆ ఒప్పందంతో కంటింజెంటు కూడా ముగిసింది. 1903లో దాన్ని విడగొట్టి భారత సైన్యంలో కలిపేశారు. మొదటి రిసాలా ఇరవయ్యో డెక్కన్ హార్స్ అయింది, రెండో రిసాలా ఇరవై తొమ్మిదో లాన్సర్స్ అయింది. 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి పక్కన, డెక్కన్ హార్స్ సవార్లు బల్లేలు పట్టుకుని మెషిన్‌గన్ల కాలంలో జర్మన్ల మీదికి గుర్రాలు ఉరికించారు. 1921లో ఈ రెండు రెజిమెంట్లనూ ఒకటి చేశారు. ఔరంగాబాద్‌లో తిరగబడి ఫిరంగి మూతులకు కట్టబడిన రిసాలా, చిచంబాలో విక్టోరియా క్రాస్ తెచ్చిన రిసాలా ఒకే జెండా కిందికి వచ్చాయి. ఆ డెక్కన్ హార్స్ ఇప్పటికీ ఉంది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాత షెర్మన్ ట్యాంకులతో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను అడ్డుకున్న రెజిమెంట్లలో అదొకటి.

హైదరాబాద్‌లో మిగిలిన గుర్తులు వేరే. రెసిడెన్సీ భవనం 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడది విశ్వవిద్యాలయం. గోడ బయట కోఠిలో 1857 స్మారకం ఉంది, తుర్రెబాజ్ ఖాన్ పేరు మీద రోడ్డు ఉంది. బస్సులు ఆ పేరు పక్క నుంచే ఆబిడ్స్ మీదుగా నాంపల్లి వెళతాయి.

కంటింజెంటు కాల్బలం దారి ఇంకా దూరం పోయింది. రస్సెల్ పేరుతో, బేరారు పేరుతో, డెక్కన్ పేరుతో ఉన్నవాటితో కలిపి ఆరు పటాలాలు 1922లో పందొమ్మిదో హైదరాబాద్ రెజిమెంటుగా మారాయి. అప్పటికి అందులో హైదరాబాదీలు దాదాపు లేరు. మొదటి నుంచీ కంటింజెంటు కాల్బలంలోకి ఎక్కువగా ఉత్తరాది మనుషులనే తెచ్చుకునేవారు. తెలుగువాళ్ళకు తుపాకీ దొరికింది మద్రాసు పటాలాల్లో. కొండల్లోని కుమావూనీలు, మైదానాల్లోని జాట్లు, అహీర్లు నిండిన పటాలానికి హైదరాబాద్ పేరు ఎందుకని 1945 అక్టోబరు 27న దాన్ని కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. 1942లో హైదరాబాద్ రెజిమెంటు ఎనిమిదో పటాలంలో చేరిన సోమనాథ్ శర్మ అనే యువ అధికారి తర్వాత నాలుగో కుమావూన్ మేజరు అయ్యాడు. 1947 నవంబరు 3న శ్రీనగర్ విమానాశ్రయం దగ్గర బడ్గాంలో, చేయి విరిగి ప్లాస్టరు కట్టుతో ఉండి కూడా, కంపెనీని నిలబెట్టి పోరాడుతూ చనిపోయాడు. స్వతంత్ర భారతం 1950 జనవరి 26న నెలకొల్పిన పరమ వీర చక్రల్లో మొదటిది ఆయనది. ఆ పతకానికి సిపాయి, మేజరు అనే తేడా లేదు. సోమనాథ్ శర్మ పోయిన మూడు నెలలకే నౌషేరాలో నాయక్ జదునాథ్ సింగ్ చూపిన సాహసానికి కూడా అదే చక్ర వచ్చింది, పేరుతో సహా.